సగం వాళ్ళకి, సగం నాకు

మొన్న మా కార్యకర్తల సమావేశంలో వచ్చే మూడు నెలల కార్యక్రమం వేసుకుంటున్నాం. 'పని చేసే చోట స్త్రీల హక్కులు' అన్న అంశం కింద ఒక పూట జుట్టు గురించి కూడా మాట్లాడుకుందామని నేనన్నాను. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నవ్వులు. "కూలి రేట్లు, నీళ్ళు, తాగుడు, తన్నులు అన్నీ అయిపోయాయా అక్కా, జుట్టు దగ్గరికొచ్చాం?" అందో చెల్లెలు. "బ్యూటీ పార్లర్ వాళ్ళ మీటింగనుకుంటారు" అంది ఇంకొకామె. నేనూ నవ్వాను. కానీ ఇంటికొచ్చాక ఆ నవ్వు నాకు మింగుడు పడలేదు. ఈ వ్యాసం ఆ నవ్వుకి జవాబు.

కూలి, నీళ్ళు, తన్నులు ముఖ్యం కాదని ఎవరంటారు? కానీ ఏది పెద్ద సమస్యో ఏది చిన్న సమస్యో ఎవరు నిర్ణయిస్తున్నారు? పని చేసే చోట మరుగుదొడ్డి లేదని మొదట అడిగినప్పుడూ ఇలాగే నవ్వారు. నెలసరి గుడ్డల గురించి మాట్లాడితే మొహం తిప్పుకున్నారు. ఆడదాని ఒంటికి సంబంధించిన ప్రతి సమస్యా ముందు నవ్వులాటగానే మొదలవుతుంది. దాని వెనక ఉద్యోగం, డబ్బు, ఆరోగ్యం ఉన్నాయని తెలిసేసరికి చాలామంది జీవితాలు అయిపోతాయి.

నాకు ఈ సంగతి తెలియజెప్పింది ఒక నల్లజాతి స్త్రీ. 2006 నుంచి 2012 దాకా నేను అమెరికాలో అట్లాంటా నగరంలో ఉన్నాను. మా ఆయన ఉద్యోగం మీద వెళ్ళాం. భార్య హోదాలో వెళ్ళినదాన్ని కాబట్టి నా వీసా మీద నాకు పని చేసే హక్కు లేదు. ఇంట్లో కూర్చోలేక, భర్తల హింస భరించలేక బయటికొచ్చిన స్త్రీలు తలదాచుకునే ఒక వసతి గృహానికి వెళ్ళి జీతం లేకుండా పని చేసేదాన్ని. ఆమె నాకు అక్కడే పరిచయం. నాకంటే పదేళ్ళు పెద్దది. నేను అక్క అని పిలిస్తే, ఆ మాటకి అర్థం తెలుసుకుని మురిసిపోయింది. ఇక్కడా అక్క అనే రాస్తాను.

అక్కకి వారమంతా ఒక ప్రైవేటు ఆఫీసులో రిసెప్షన్ ఉద్యోగం. శనివారం పొద్దున వసతి గృహంలో నాతోపాటు పని. మధ్యాహ్నం నుంచి తల పని. ఆ పనికి నన్ను సాయం పిలిచేది. వాళ్ళ వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చుని, "వెనక నాకు కనపడదు, నువ్వు చూడు" అనేది. మెడ మీద బాగా ముడుచుకుపోయే జుట్టుని వాళ్ళు 'కిచెన్' అంటారు. చిన్నప్పుడు అమ్మ తనని పొయ్యి పక్కన కూర్చోబెట్టి, కాల్చిన ఇనప దువ్వెనతో దాన్ని సాపు చేసేదట. చెవి మీద ఆ దువ్వెన తగిలిన మచ్చ చూపించింది.

ఇప్పుడు దువ్వెన బదులు క్రీము. దాని పేరు రిలాక్సర్. పేరు చూడండి! సేద తీరుస్తుందన్నమాట. అందులో ఉండేది సోడియం హైడ్రాక్సైడ్, అంటే మనం కాస్టిక్ సోడా అనేదే. సబ్బు తయారీకి, మూసుకుపోయిన తూముల్ని శుభ్రం చేయడానికి వాడే సరుకు. 'కాస్టిక్ లేనిది' అని అమ్మే డబ్బాలు కూడా ఉన్నాయి. వాటిలో వేరే క్షారం ఉంటుంది. మంట కాస్త తక్కువ, కానీ సున్నం జుట్టు మీద పేరుకుని గరుకు చేస్తుంది. వెంట్రుకకి బలం, ఆకారం ఇచ్చేవి దాని లోపలి గంధకపు బంధాలు. క్షారం వాటిని తెంచుతుంది. ఆ మార్పుకి తిరుగు లేదు. పెట్టబోయే రెండ్రోజుల ముందు నుంచీ తల గోక్కోకూడదు, తలంటుకోకూడదు. గోరు గీరుకున్న చోట మందు నిప్పులా మండుతుంది. చెవులకీ నుదుటి అంచుకీ మాడుకీ వాజలీను పట్టించాకే మొదలుపెట్టాలి.

అక్క పూర్తిగా సాపు చేసుకునేది కాదు. క్రీములో రెండు చెంచాల నూనె కలిపి దాని తీవ్రత తగ్గించేది. దువ్వెనతో లాగకుండా వేళ్ళతో పూయించుకునేది. డబ్బా మీద రాసిన టైములో సగానికే కడిగించుకునేది. అప్పుడు జుట్టు పూర్తిగా వాలిపోకుండా, గట్టి మెలికలు కాస్త వదులై, నొక్కులుగా నిలబడేది. నా పని గడియారం చూడటం, తర్వాత క్షారాన్ని విరిచే షాంపూతో కడగటం. ఆ షాంపూ నురగ గులాబి రంగులో ఉందంటే మందు ఇంకా పోలేదని గుర్తు. తెల్ల నురగ వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ కడిగేదాన్ని.

కడగటంతో అయిపోదు, అసలు పని అప్పుడు మొదలవుతుంది. నెలకి దాదాపు అరంగుళం కొత్త జుట్టు పుట్టుకతో వచ్చిన మెలికతోనే పైకి వస్తుంది. కింద ఉన్నది మందు తగిలి బలం తగ్గిన జుట్టు. ఈ రెండూ కలిసే చోట వెంట్రుక పుటుక్కున తెగుతుంది. మాడు మీది నూనె మెలికల మీదుగా కొసలకి దిగదు కాబట్టి కొసలు ఎప్పుడూ ఎండే ఉంటాయి. అందుకని పొడి తల దువ్వకూడదు. తడిపి, కండిషనర్ పట్టించి, పాయలుగా విడదీసి, ముందు వేళ్ళతో, తర్వాత పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీయాలి. వారానికోసారి కండిషనర్ దట్టంగా పట్టించి వేడి గుడ్డ చుట్టుకుని అరగంట కూర్చోవాలి. అప్పుడప్పుడూ ప్రోటీన్ ఉన్న మందు వాడాలి. అది ఎక్కువైతే జుట్టు పుల్లల్లా విరుగుతుంది. తడి పూర్తిగా ఆరకముందే కొంచెం నూనె రాసి ఆ తేమని నిలబెట్టుకోవాలి. నూలు దిండు తేమ పీల్చేస్తుంది, కాబట్టి రాత్రి శాటిన్ గుడ్డ కట్టుకుని పడుకోవాలి. రెండు మూడు నెలలకి మళ్ళీ మందు. అదీ కొత్తగా వచ్చిన జుట్టుకే. పాత జుట్టు మీద పడితే రెండోసారి కాలి ఊడొస్తుంది.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, ఇది కూడా పని అని చెప్పడానికి. వారానికి నాలుగైదు గంటల పని. ఆఫీసు కోసం చేసే పని, ఆఫీసు జీతం ఇవ్వని పని. ఇంటి చాకిరీకి విలువ కట్టమని ఎన్నేళ్ళ నుంచో అడుగుతున్నాం. ఈ చాకిరీ మన లెక్కలోకి రాలేదెందుకని?

ఒక శనివారం నేను అడిగేశాను. "ఇంత మంట ఎందుకక్కా, మానేయొచ్చుగా?" ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. నాదీ రింగుల జుట్టే. మా అమ్మ కొబ్బరినూనె పోసి బిగించి జడ వేస్తే బడికి పోయేదాన్ని. 'పిచిక గూడు' అని పిలిపించుకున్నాను. కానీ నా రింగుల వల్ల నా ఉద్యోగం ఎప్పుడూ పోలేదు. అక్క నన్ను తప్పు పట్టలేదు. పాత సంగతి చెప్పింది. 1990లలో పూర్తిగా సాపు చేసుకునేదట. మాడు పుండ్లు పడి, నడినెత్తిన పలచబడిపోయింది. విసిగిపోయి మందు మానేసి, పుట్టుజుట్టుతో ఆఫీసుకెళ్ళింది. వారం తిరక్కుండా పై అధికారి గదిలోకి పిలిచి, "ఆఫీసులోకి అడుగు పెట్టగానే కనిపించేది నువ్వే, కాస్త నీటుగా ఉండాలి" అన్నాడట. జుట్టు అన్న మాట నోటితో అనలేదు. అంటే కేసవుతుందని అతనికి తెలుసు.

"మందు పూర్తిగా పెడితే జుట్టు పోతుంది. అసలు పెట్టకపోతే ఉద్యోగం పోతుంది. అందుకే సగం. సగం వాళ్ళకి, సగం నాకు" అంది అక్క.

ఆమె భయం వట్టిది కాదు, దాని వెనక చరిత్ర ఉంది. 1786లో లూసియానా స్పానిష్ పాలనలో ఉండగా, బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి స్త్రీలు తల మీద గుడ్డ కట్టుకుని తీరాలని గవర్నరు ఆజ్ఞ జారీ చేశాడు. వాళ్ళ కొప్పుల అలంకారం తెల్లవాళ్ళ కళ్ళు కుట్టించింది మరి! ఆ స్త్రీలు ఆ గుడ్డనే రంగురంగులుగా చుట్టి అలంకారం చేసుకున్నారు. 1960లలో నల్లజాతి ఉద్యమం జుట్టుని సహజంగా వదిలేయడాన్ని ఆత్మగౌరవ పతాకంగా ఎగరేసింది. మనందరికీ తెలిసిన ఏంజెలా డేవిస్, తన రాజకీయాలు మర్చిపోయి తన జుట్టుని మాత్రం ఫ్యాషన్‌గా గుర్తుపెట్టుకున్నారని 1994లో బాధపడింది.

కోర్టులు ఏం చేశాయి? రెనీ రోజర్స్ ఒక విమాన సంస్థలో ఉద్యోగి. సన్న జడల అల్లికతో పనికి రావద్దంటే కోర్టుకెక్కింది. 1981లో ఓడిపోయింది. జుట్టు ఎలా అల్లుకోవాలన్నది మార్చుకోగలిగిన విషయం, పుట్టుకతో వచ్చింది కాదు, కాబట్టి జాతి వివక్ష కాదన్నారు. పైగా ఆ జడల్ని ఒక తెల్ల నటి సినిమాలో వేసుకుని ప్రచారంలోకి తెచ్చిందని కూడా తీర్పులో రాశారు! 2010లో అలబామాలో చాస్టిటీ జోన్స్‌కి ఫోన్లలో మాట్లాడే ఉద్యోగం ఇచ్చి, జుట్టు జడలు కట్టి ఉందని వెనక్కి తీసుకున్నారు. 2016లో అప్పీలు కోర్టు మళ్ళీ అదే 'మార్చుకోగలిగింది' వాదన చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికే ఒప్పుకోలేదు.

'మార్చుకోగలిగింది' అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం. ఎలా మార్చుకోవాలి? కాస్టిక్ సోడాతో! ఒంటికి నిప్పు పెట్టుకుంటే తప్ప కుదరని మార్పుని 'చేసుకోవచ్చు కదా' అని తేల్చేసింది న్యాయం. మాడు కాలేది న్యాయమూర్తిది కాదు కదా.

స్త్రీలు ఊరుకోలేదు. 2016లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో ఒక ఆడపిల్లల బడి విద్యార్థినులు తమ జుట్టు మీది ఆంక్షల్ని ఎదిరించి నిలబడ్డారు. 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం జుట్టు ఆకృతిని బట్టి, జడల్ని బట్టి వివక్ష చూపడం నేరుగా జాతి వివక్షేనని చట్టం చేసింది. ఆ తర్వాత ఇరవైకి పైగా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. దేశమంతటికీ వర్తించే బిల్లు 2022లో దిగువ సభ దాటి ఎగువ సభలో ఆగిపోయింది. చట్టం ఉన్నచోటా సందులున్నాయి. 2023లో టెక్సస్‌లో నల్లజాతి విద్యార్థి ఒకణ్ణి జడల వల్ల నెలల తరబడి తరగతికి దూరం పెట్టారు. 2024లో అక్కడి జడ్జి, బడి చూసింది పొడుగు మాత్రమే కాబట్టి చట్టం ఉల్లంఘన కాదన్నాడు.

ఇక ఆరోగ్యం సంగతి. 2022 అక్టోబరులో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ శాస్త్రవేత్తలు ఒక అధ్యయనం బయటపెట్టారు. 35 నుంచి 74 ఏళ్ళ వయసున్న 33,497 మంది స్త్రీలని దాదాపు 11 ఏళ్ళు గమనించారు. వాళ్ళలో 378 మందికి గర్భసంచి క్యాన్సర్ వచ్చింది. జుట్టు సాపు చేసే మందులు ఎప్పుడూ వాడని వాళ్ళలో 70 ఏళ్ళ లోపు ఆ క్యాన్సర్ వచ్చే అవకాశం నూటికి 1.64. ఏడాదికి నాలుగుసార్ల కంటే ఎక్కువ వాడిన వాళ్ళలో 4.05. వాడినవాళ్ళలో 60 శాతం మంది నల్లజాతి స్త్రీలు. ఈ లెక్క సంబంధం ఉందంటుంది గానీ, ఫలానా ఆమెకి ఫలానా డబ్బా వల్లే వచ్చిందని చెప్పదు. నేనూ చెప్పను. కానీ ఒకటి గమనించండి. రెండు మూడు నెలలకోసారి అంటే ఏడాదికి నాలుగు నుంచి ఆరుసార్లు. జుట్టు సగమే సాపయినా, క్రీము పెట్టిన లెక్క మాత్రం పూర్తి లెక్కే. ఆ సగం రాజీకి మినహాయింపు ఉందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

అక్కకి 2019లో గర్భసంచి క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి తీసేశారు. మూడేళ్ళ తర్వాత ఆ అధ్యయనం గురించి టీవీలో విని నాకు ఫోన్ చేసింది. ఏడవలేదు. "ముప్పై ఏళ్ళు పెట్టుకున్నాను. డబ్బా మీద కంట్లో పడితే కడుక్కోమని రాశారు గానీ, ఇలాంటి అనుమానం ఉందని ఒక్కరూ చెప్పలేదు. డాక్టరు కూడా నా తల గురించి ఒక్క ప్రశ్న అడగలేదు" అంది. అలాంటి వేలమంది స్త్రీలు కంపెనీల మీద వేసిన దావాలని 2023లో చికాగోలోని ఫెడరల్ కోర్టు కిందికి చేర్చారు.

ఈ కథ విన్నాక రెండు రకాల మాటలు వినిపిస్తాయి. రెండూ మనవాళ్ళే అంటారు. మొదటిది: "అసలెందుకు పెట్టుకోవాలి? బానిస మనస్తత్వం." ఇది కడుపు నిండినవాళ్ళ మాట. అద్దె కట్టాల్సిన ఆడదాన్ని బానిస అనడం తేలిక. ఆమెని అక్కడికి నెట్టిన యజమానిని నిలదీయడం కష్టం. రెండోది: "వాళ్ళిష్టం, ఎవరి ఎంపిక వాళ్ళది." ఇది మార్కెట్ మాట. ఒక పక్క ఉద్యోగం, ఒక పక్క మాడు పెట్టి ఏది కావాలో తేల్చుకోమంటే అది ఎంపిక అవుతుందా? సగం మందు పెట్టుకునే స్త్రీ మోసపోయిందీ కాదు, స్వేచ్ఛగా ఎంచుకున్నదీ కాదు. ఆమె బేరమాడుతోంది. ఉన్న బలంతో, తన దగ్గరున్న తెలివితో, తనలో సగమైనా మిగుల్చుకోవడానికి బేరమాడుతోంది. మనం చేయాల్సింది ఆమెకి నీతులు చెప్పడం కాదు, ఆమె వైపు త్రాసు మొగ్గేలా చేయడం.

ఇంత రాసి, ఇది పరాయి దేశం గొడవ అని తప్పుకుంటే కుదరదు. ఒకరోజు అక్క సవరం ప్యాకెట్టు తెచ్చి చూపించింది. దాని మీద ఇండియా జుట్టు అని రాసుంది. తిరుమలలో తలనీలాలు సమర్పిస్తారనీ, దేవస్థానం వాటిని వేలం వేస్తుందనీ, అవి విగ్గులుగా దేశదేశాలకి వెళ్తాయనీ చెప్పాను. మా అమ్మ కూడా ఇచ్చింది. అక్క ఆ పాయని చేతిలో పట్టుకుని, "ఇచ్చిన ఆమెకి ఏం ముట్టింది?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఒక స్త్రీ భక్తితో వదులుకున్నదాన్ని ఇంకో స్త్రీ భయంతో కొనుక్కుంటోంది. మధ్యలో లాభం ఇంకెవరిదో!

అసలు తప్పు నాది ఇంకొకటుంది. 2018లో మా సంస్థలో ఒక చిన్నమ్మాయి కొత్తగా చేరింది. మాదిగవాడ నుంచి వచ్చిన పిల్ల. చురుకైంది. తల నిండా గట్టి ఉంగరాల జుట్టు. నిధులిచ్చే వాళ్ళు చూడటానికి వస్తున్నారంటే నేనే పిలిచి, "రేపు తల కాస్త శుభ్రంగా వేసుకుని రామ్మా" అన్నాను. నేనన్నది జుట్టు గురించేననుకున్నాను. ఆమె విన్నది తరతరాలుగా తన వాడ విన్న మాట. చింపిరి తల, నూనె లేని తల అని ఎవరి జుట్టుని అంటారో మనకి తెలియదా? నెల తిరిగేసరికి జీతంలో సగం పైగా పార్లర్లో పోసి జుట్టు సాపు చేయించుకుని వచ్చింది. నేను "ఎంత బావున్నావే" అన్నాను. ఆరు నెలలకి కొత్త జుట్టు, పాత జుట్టు కలిసే చోట తెగి కుచ్చులుగా ఊడింది. అట్లాంటాలో ఆ చోటుని చేత్తో తడిమి చూసినదాన్ని నేనే. ఆ అధికారి మాట విని కోపంతో ఊగిపోయినదాన్నీ నేనే. అతనికీ నాకూ తేడా ఏమిటి?

మన పట్నాల్లో జరిగే స్మూతెనింగ్, రీబాండింగ్, కెరటిన్ అక్కడి రిలాక్సర్ లాంటివి కావు. మందులు వేరు. రీబాండింగ్‌లో సాధారణంగా వాడేది థయోగ్లైకోలేట్. అది పెట్టిన జుట్టు మీద కాస్టిక్ రిలాక్సర్ పెడితే తెగిపోతుంది. రెండూ కలపకూడదు. కెరటిన్ పేరుతో చేసే వాటిలో కొన్నిటి నుంచి, వేడి చేసినప్పుడు, ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది. అది క్యాన్సర్ కారకం. జుట్టు సాపు చేసే మందుల్లో దాన్ని నిషేధించే ఆలోచన ఉందని అమెరికా ఆహార ఔషధ సంస్థ 2023లో ప్రకటించింది. 2024 ఏప్రిల్ అని పెట్టుకున్న గడువు దాటిపోయింది. దాని బదులు గ్లయాక్సిలిక్ ఆమ్లం వాడేవి ఉన్నాయి. అది పెట్టించుకున్న 26 ఏళ్ళ స్త్రీకి ప్రతిసారీ కిడ్నీలు దెబ్బతిన్నాయని 2024లో ఫ్రెంచి డాక్టర్లు ఒక వైద్య పత్రికలో రాశారు. పెట్టించుకునే ఆమె ఏడాదికోసారి పీల్చే ఆవిరిని పార్లర్లో పని చేసే పిల్ల రోజూ పీలుస్తోంది. కిటికీ లేని ఏసీ గదిలో, పది పన్నెండు గంటలు. ఆమె ఏ సంఘంలో ఉంది? మనం ఎప్పుడైనా ఆమె దగ్గరికి వెళ్ళామా?

అందుకే నేను అడిగేవి ఇవి. మన సంస్థల సేవా నిబంధనల్లో 'నీటు', 'శుభ్రంగా', 'హుందాగా' అన్న మాటలు ఎక్కడున్నాయో వెతికి, వాటి కింద ఎవరి జుట్టు, ఎవరి రంగు, ఎవరి కట్టు దోషిగా నిలబడుతోందో చర్చించాలి. ముందు మన ఇల్లు. జుట్టుకి పెట్టే ప్రతి మందు డబ్బా మీద అందులో ఏముందో, ఏం అనుమానాలున్నాయో తెలుగులో రాయాలని అడగాలి. పార్లర్లో పని చేసే స్త్రీలకి గాలి వచ్చే గది, చేతొడుగులు, ఆరోగ్య పరీక్షలు హక్కుగా రావాలి. ఇప్పటికే సగం సాపు చేసుకున్న పిల్లలకి, మళ్ళీ మందు పెట్టకుండా, తెగకుండా, కొత్త జుట్టు పెరిగేదాకా ఎలా చూసుకోవాలో నేర్పాలి. అక్క నాకు నేర్పినట్టు, నింద లేకుండా. ఆ అమ్మాయికి నేను క్షమాపణ చెప్పాను. తడి జుట్టు చిక్కు కొసల నుంచి తీయడం కూడా చూపించాను. ముందు క్షమాపణే చెప్పాను.

అక్క ఇప్పుడు రిటైరయింది. క్యాన్సర్ మందులకి జుట్టంతా రాలిపోయి మళ్ళీ వచ్చింది, పుట్టినప్పటి మెలికలతో. కిందటి నెల ఫోన్లో అంది: "ఇప్పుడు ఎవరికీ సగం ఇవ్వక్కర్లేదు. మొత్తం నాదే."

ఆ మాట అనడానికి ఒక ఆడదానికి ఉద్యోగం అయిపోవాలా? గర్భసంచి పోవాలా? నవ్విన చెల్లెళ్ళని నేను అడిగేది ఇంతే. వచ్చే సమావేశంలో ఆ ఒక్క పూట నాకు కావాలి.